టోనీ బెన్: ప్రత్యర్థికీ పనికొచ్చిన నియమాలు

చాలాకాలం ప్రజాజీవితంలో ఉన్న నాయకుణ్ణి అంచనా వేసేటప్పుడు ఏ పదవులు చేశాడు, ఎన్నేళ్లు చేశాడు అని చూడడం మనకు అలవాటు. బ్రిటిష్ లేబర్ పార్టీ నాయకుడు టోనీ బెన్ (1925–2014) విషయంలో ఆ లెక్క పెద్దగా ఏమీ తేల్చదు. తపాలా శాఖ, సాంకేతిక శాఖ, పరిశ్రమలు, ఇంధనం చూశాడు. ప్రధాని కాలేదు, పార్టీ నాయకుడు కాలేదు, చివరికి ఉపనాయకుడు కూడా కాలేకపోయాడు. 1950 నుంచి 2001 దాకా, మధ్యలో రెండుసార్లు తెగినా, కామన్స్ సభలో ఉన్నాడు. ఆర్థిక విధానాల్లో ఆయన పోరాడినవన్నీ దాదాపుగా ఓడిపోయాయి. అయితే అధికారం ఎలా చేతికి రావాలి, ఎలా చేజారాలి అన్న నియమాలను మార్చడంలో ఆయనకు సాటి రాగలవాళ్లు ఆ తరంలో బహు కొద్దిమంది. ఈ ఉపన్యాసంలో నేను నిలబెట్టదలచిన వాదం ఒకటే. ఆ నియమాల విలువ తెలియాలంటే బెన్‌కు ఏం దక్కిందని చూస్తే చాలదు. ఆయన ప్రత్యర్థులకు ఏం దక్కిందో చూడాలి.

మొదటి పోరాటం పుట్టుకతో వచ్చింది. తండ్రి విలియం వెడ్జ్‌వుడ్ బెన్ 1929–31 మధ్య భారత వ్యవహారాల మంత్రి. ఇక్కడ ఉప్పు సత్యాగ్రహం సాగి వేలమంది జైళ్లకు వెళ్లిన కాలంలో లండన్‌లో ఆ కుర్చీ ఆయనదే. 1942లో ఆయనకు వైకౌంట్ స్టాన్స్‌గేట్ అనే వంశపారంపర్య బిరుదు ఇచ్చి ప్రభువుల సభకు పంపారు. పెద్దకొడుకు మైకేల్ 1944లో వైమానిక దళంలో చనిపోవడంతో బిరుదు టోనీ వంతుకు వచ్చింది. అప్పటికి టోనీకి ఇంకా ఇరవై ఏళ్లు నిండలేదు. 1950 నవంబరులో, మనకు రాయబారంతో పరిచయమైన స్టాఫర్డ్ క్రిప్స్ ఖాళీ చేసిన బ్రిస్టల్ ఆగ్నేయ నియోజకవర్గం నుంచి కామన్స్‌కు ఎన్నికయ్యాడు. పదేళ్ల తర్వాత, 1960 నవంబరులో తండ్రి కన్నుమూశాడు. ఆ క్షణమే బెన్ ప్రభువయ్యాడు, కామన్స్‌లో సభ్యత్వం పోయింది. ఆయన ఏ తప్పూ చేయలేదు, ఏ ఎన్నికా ఓడలేదు. 1961 మే 4న జరిగిన ఉపఎన్నికలో మళ్లీ నిలబడితే ఓటర్లు 23,275 ఓట్లిచ్చారు. కన్సర్వేటివ్ అభ్యర్థి మాల్కమ్ సెయింట్ క్లెయిర్‌కు వచ్చినవి 10,231. ఎన్నికల న్యాయస్థానం ఓడినవాణ్ణే ఎన్నికైనట్టు ప్రకటించింది. చట్టం ప్రకారం ఆ తీర్పు సరైనదే, అసలు దోషం చట్టంలోనే ఉంది. ఇరవైమూడు వేలమంది ఇష్టం కన్నా ఒక తండ్రి మరణానికి ఎక్కువ బరువున్న రాజ్యంగా బ్రిటన్ బయటపడింది.

రెండేళ్లు సాగిన ఆందోళన తర్వాత 1963 జులై 31న పీరేజ్ చట్టం అమల్లోకి వచ్చింది. వంశపారంపర్య బిరుదును వదులుకునే హక్కు ఇచ్చిన ఆ చట్టం కింద మొట్టమొదట, ఆ రోజే, బిరుదు వదిలినవాడు బెన్. అదే చట్టం సొంత బిరుదు ఉన్న స్త్రీలకు ప్రభువుల సభ తలుపులు కూడా తెరిచింది. సెయింట్ క్లెయిర్ మాట నిలబెట్టుకుని రాజీనామా చేశాడు, ఆగస్టు ఉపఎన్నికలో బెన్ తిరిగి గెలిచాడు. అసలు పరీక్ష ఆ తర్వాతే వచ్చింది. అక్టోబరులో ప్రధాని హెరాల్డ్ మెక్‌మిలన్ అనారోగ్యంతో తప్పుకున్నాడు. ఆయన స్థానంలో వచ్చినవాడు హోమ్ ప్రభువు, పద్నాలుగో ఎర్ల్. ఆయన బిరుదు వదులుకుని, అలెక్ డగ్లస్-హోమ్‌గా ఉపఎన్నికలో గెలిచి కామన్స్‌లోకి వచ్చాడు. బెన్ పోరాటం లేకుంటే కన్సర్వేటివులకు ఆ దారి తెరిచి ఉండేది కాదు. ఒక సోషలిస్టు గెలిపించిన చట్టం మూడు నెలలు తిరక్కుండానే ఆయన వ్యతిరేకులకు ప్రధానిని ఇచ్చింది.

ఇదంతా స్వార్థమేననే ఆక్షేపణ ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు. 1955లో బెన్ కోరింది తన ఒక్కడికి మినహాయింపు. అది తిరస్కరణకు గురయింది. కానీ సొంత ఇబ్బందిగా మొదలైనది అందరికీ వర్తించే హక్కుగా ముగియడమే నేను చెప్పదలచిన విషయం. హక్కుల చరిత్రలో చాలా భాగం ఇలాగే మొదలైంది. ఇంతకన్నా గట్టి ఆక్షేపణ మరొకటుంది: ఆ చట్టం వ్యవస్థను కూల్చలేదు. బిరుదు వదిలినవాడి జీవితకాలం వరకే అది నిద్రపోతుంది. 2014లో బెన్ మరణించాక పెద్దకొడుకు స్టీఫెన్ మూడో వైకౌంట్ అయ్యాడు, 2021లో లేబర్ తరఫున ప్రభువుల సభలో కూర్చున్నాడు. వంశపారంపర్యాన్ని నిర్మూలించాలనుకున్న మనిషికి ఇది అసంపూర్ణ విజయమే. అయితే 1963 చట్టం ఇచ్చింది ఎంచుకునే హక్కు. కొడుకు తండ్రికి భిన్నంగా ఎంచుకున్నంత మాత్రాన హక్కు అబద్ధమైపోదు.

రెండో నియమం ప్రజాభిప్రాయ సేకరణ. ఐరోపా ఆర్థిక సమాజంలో చేరడం వంటి నిర్ణయం ఒక పార్లమెంటు ఆయుష్షును మించి నిలుస్తుంది కనుక జనాన్ని నేరుగా అడగాలని బెన్ 1970లో ప్రతిపాదించాడు. లేబర్ నాయకత్వంలో మొదట ఆ మాట విన్నవాళ్లు తక్కువ. పార్లమెంటుదే పరమాధికారం అన్న సంప్రదాయానికి ఇది కొత్త. 1972లో పార్టీ దాన్ని ఒప్పుకుంటే నిరసనగా రాయ్ జెంకిన్స్ ఉపనాయకత్వం వదిలేశాడు. 1975 జూన్ 5న దేశమంతటా ఓటింగ్ జరిగింది. అంతకుముందెన్నడూ బ్రిటన్ అంతటా అలాంటిది జరగలేదు. బెన్ బయటికి రావాలన్నాడు, 67 శాతం మంది ఉండాలన్నారు. ఫలితాన్ని ఆయన వెంటనే బహిరంగంగా ఒప్పుకున్నాడు. అదే నెలలో ప్రధాని హెరాల్డ్ విల్సన్ ఆయన్ను పరిశ్రమల శాఖ నుంచి ఇంధనానికి మార్చాడు. తాను అడిగి తెచ్చిన ఓటింగే ఆయన బలాన్ని తగ్గించింది.

ఇక్కడ బెన్‌ను సమర్థించలేని చోటు ఒకటుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. 1983 ఎన్నికల ప్రణాళికలో లేబర్ పార్టీ ఐరోపా సమాజం నుంచి వైదొలుగుతామని, మళ్లీ జనాన్ని అడిగే మాట లేకుండా, వాగ్దానం చేసింది. బెన్ ఆ వైఖరికి వెన్నుదన్ను. సార్వత్రిక ఎన్నికలో గెలిస్తే అదే ప్రజాదేశం అన్నది ఆ పక్షం జవాబు. నాకది ఒప్పుకోదగిన జవాబులా కనిపించదు. 1970లో ఇటువంటి నిర్ణయానికి సాధారణ ఎన్నిక చాలదన్నది ఆయన వాదనే. పదమూడేళ్లలో ఆ ప్రమాణాన్ని తానే సడలించాడు. కానీ ప్రమాణం ఆయన చేయి దాటిపోయింది. ఆయన చనిపోయిన రెండేళ్లకు, 2016లో, కన్సర్వేటివ్ ప్రధాని మళ్లీ ప్రజలనే అడగవలసి వచ్చింది. 51.9 శాతం మంది వెళ్లిపోదామన్నారు. ఐరోపా సమాఖ్యలోనే ఉండాలని వాదించినవారిలో బెన్ రెండో కొడుకు హిలరీ ఉన్నాడు.

మూడోది పార్టీ లోపలి నియమం, వివాదం ఎక్కువగా రేగింది దానిమీదే. అప్పటిదాకా లేబర్ నాయకుణ్ణి ఎన్నుకునేది ఎంపీలు మాత్రమే. 1981 జనవరిలో వెంబ్లీ ప్రత్యేక మహాసభ ఆ అధికారాన్ని కార్మిక సంఘాలకు 40, ఎంపీలకు 30, నియోజకవర్గ శాఖలకు 30 శాతంగా పంచింది. మర్నాడే జెంకిన్స్, డేవిడ్ ఓవెన్, షర్లీ విలియమ్స్, బిల్ రాడ్జర్స్ కొత్త పార్టీ దారి పట్టారు. బెన్ పార్టీని చీల్చి కన్సర్వేటివ్ ప్రధాని థాచర్‌కు దారి వేశాడన్న నింద నేటికీ ఉంది. 1983లో లేబర్ ఓట్లు 27.6 శాతానికి పడిపోయిన మాట, బ్రిస్టల్‌లో బెన్ స్వయంగా ఓడిపోయిన మాట వాస్తవం. కానీ చీలినవాళ్లకు ఐరోపా, అణ్వాయుధాల మీద సొంత కారణాలున్నాయి. ఎంపీలకు మాత్రమే ఓటు ఉండాలనడం దేశప్రయోజనం కోసమేనని ఎవరూ రుజువు చేయలేదు. నాకు కనిపించే అసలు లోపం వేరు. సంఘాల నాయకులు లక్షల సభ్యుల పేరిట మూకుమ్మడి ఓటు వేసే పద్ధతిని ఆ పంపకం అలాగే ఉంచింది. ఆ సెప్టెంబరులో ఉపనాయకత్వానికి బెన్, డెనిస్ హీలీ పోటీపడితే హీలీకి 50.4, బెన్‌కు 49.6 శాతం వచ్చాయి. నియోజకవర్గ శాఖలు భారీగా బెన్ వైపు నిలిచాయి. ప్రభుత్వ సేవల ఉద్యోగుల సంఘం ఒకటి తన సభ్యులనే అడిగింది, వాళ్లు హీలీని కోరారు. సభ్యుణ్ణి అడగాలన్న బెన్ సూత్రాన్ని అక్షరాలా పాటించిన ఆ చోట బెన్ ఓడిపోయాడు.

ఆ లోపాన్ని సవరించే పని తర్వాతివాళ్లు చేశారు. 1993లో పార్టీ నాయకుడు జాన్ స్మిత్ సంఘాల మూకుమ్మడి ఓటును తగ్గించాడు. 2014 మార్చి 1న అప్పటి నాయకుడు ఎడ్ మిలిబాండ్ ఆ పంపకాన్నే తీసేసి మనిషికొక ఓటు పెట్టాడు. రెండు వారాలకు బెన్ కన్నుమూశాడు. 2015లో ఆ పద్ధతిన నాయకుడైనవాడు జెరెమీ కార్బిన్, 1981లో బెన్ ప్రచారంలో పనిచేసినవాడు. పాతవాళ్లు భయపడింది ఇందుకేనని అప్పుడు చాలామంది అన్నారు. అయిదేళ్లకు, 2020లో, అదే పార్టీ సభ్యులు అదే పద్ధతిలో 56 శాతం ఓట్లతో కీర్ స్టార్మర్‌ను ఎన్నుకున్నారు. బెన్ వర్గం అప్పటికి తిరిగి పక్కకు తప్పుకుంది. ఓటు వేసే హక్కు మాత్రం సభ్యుల చేతుల్లోనే ఉండిపోయింది.