టేకుచెట్ల నీడలో ఒక ఊరు



కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్ళను పలకరించి చూడండి. సిమెంటు, ఇనుము సంగతి మగవాళ్ళు మాట్లాడతారు గాని, సింహద్వారం దగ్గరకు వచ్చేసరికి ఇల్లాలే నోరు విప్పుతుంది. "మిగతావి ఏ కర్రయినా ఫర్వాలేదు, వీధి గుమ్మం మాత్రం టేకుదే వుండాలి" అంటుంది. పసుపు రాసి, బొట్లు పెట్టి, తోరణం కట్టే గుమ్మం కదా మరి! చెద పట్టకూడదు, వానకు ఉబ్బకూడదు, ఎండకు పగలకూడదు. ఈ గుణాలన్నీ వున్న కర్ర టేకు. టేకు దుంగలనే నమ్ముకుని బ్రతికిన ఒక చిన్న ఊరిని గురించి ఈవేళ చెప్పుకుందాం. ఆ ఊరి పేరు నిలంబూరు.

నిలంబూరు కేరళలో, మలప్పురం జిల్లాలో వుంది. ఒక పక్క నీలగిరి కొండలు, మరో పక్క చాలియార్ నది. గురువాయూరు యాత్రకు వెళ్ళే మనవాళ్ళకు షోరనూరు జంక్షన్ తెలిసే వుంటుంది. అక్కడి నుంచి ఒక చిన్న రైలుదారి నిలంబూరు దాకా పోతుంది. ఉన్నది అరవై ఆరు కిలోమీటర్లే. దారి పొడుగునా టేకుచెట్లు రైలు మీదికి వంగి వుంటాయి. ఈ రైలుదారికీ ఒక కథ వుంది. 1927 నాటికి పూర్తిగా వేశారు. 1941లో యుద్ధం అవసరాలకని పట్టాలన్నీ పీకేశారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1950లలో మళ్ళీ వేశారు. మధ్యలో ఆ పన్నెండు పదమూడేళ్ళూ ఆ ఊరివాళ్ళకు రైలుకూత లేదన్నమాట.

అసలు టేకు అనే మాటే మన దక్షిణాది మాట. మనం టేకు అంటాం, మలయాళీలు తేక్కు అంటారు. ఆ మాటను పోర్చుగీసువాళ్ళు పట్టుకుపోతే, వాళ్ళ నోటి మీదుగా ఇంగ్లీషులోకి వెళ్ళింది. మాట వెళ్ళినట్టే మానులూ వెళ్ళాయి. ఇంగ్లండులో ఓడలు కట్టడానికి కావలసిన ఓక్ కలప తరిగిపోయేసరికి, తెల్లదొరల కన్ను మన మలబారు అడవుల మీద పడింది. కొట్టినవి కొట్టినట్టే పోతే మరి రేపటికి ఏది?

అప్పుడు మలబారు కలెక్టరుగా వున్న కానలీ అనే దొరకు, అడవిని కొట్టడమే గాక నాటాలి కూడా అని తోచింది. దేవస్వం భూములు కౌలుకు తీసుకుని 1840ల మొదట్లో పని మొదలుపెట్టారు. కాని గింజలు మొలవవే! టేకు గింజకు పైపెంకు మహా గట్టిది. దొరల తెలివి అక్కడ ఆగిపోయింది. ఆ పనిని గట్టెక్కించినవాడు చాతు మేనన్ అనే మలయాళీ ఉద్యోగి. ఒక పద్ధతి కాకపోతే మరొకటి, గింజలు నానవేసి, మళ్ళలో పోసి, వానలు పడే అదను చూసి మొక్కలు మార్చి నాటించాడు. 1862 దాకా ఆయన చేసిన పని అదే. 1846లో నాటిన ఒక తోట ఇప్పటికీ వుంది. ప్రపంచంలో మనుషులు నాటిన టేకుతోటల్లో అతి పాతది అదేనంటారు. సుమారు రెండున్నర హెక్టార్లు కూడా లేని ఆ తోటకు కానలీ పేరే పెట్టారు. కానలీ మాత్రం 1855లో కోళిక్కోడులో తన బంగళాలోనే హత్యకు గురయ్యాడు. అప్పటికి ఆ మొక్కల వయసు తొమ్మిదేళ్ళు!

టేకు సంగతే అంత. కోతకు రావాలంటే యాభై, అరవై ఏళ్ళు పడుతుంది. నాటినవాడు కొయ్యడు, కోసినవాడు నాటినవాడిని ఎరగడు.

ఇక కొట్టే పద్ధతి చూడండి. పచ్చి టేకు దుంగ బరువుకు నీళ్ళలో మునిగిపోతుంది. అందుకని ముందే చెట్టు మొదట్లో చుట్టూ బెరడుతో సహా ఒక గాడి తీసి వదిలేస్తారు. చెట్టు నిలువునా ఎండుతుంది. రెండు మూడేళ్ళకు తేలికపడ్డాక పడగొట్టి, ఏనుగుల చేత ఏటి ఒడ్డుకు లాగించేవారు. వర్షాకాలం ఏరు నిండగానే దుంగలను వెదురుబొంగులతో కలిపి తెప్పలుగా కట్టి వదిలితే, చాలియార్ వాటిని సముద్రం వైపు మోసుకుపోయేది. కోళిక్కోడు పక్కనున్న కల్లాయిలో కలప అడితీలు, కోతమిల్లులు వాటి కోసం కాచుకుని వుండేవి. బేపూరులో ఆ కలపతో పెద్ద పెద్ద ఓడలు కట్టేవారు. ఇప్పుడు తెప్పల స్థానంలో లారీలు వచ్చాయి. నిలంబూరు అడితీలో దుంగలకు నంబర్లు వేసి వేలం పాడతారు. 1995లో పెట్టిన టేకు మ్యూజియం కూడా వుంది. పిల్లలతో వెళ్ళేవాళ్ళు తప్పక చూడదగినది.

ఊరంటే దుంగలేనా? మనుషులు లేరా? నిలంబూరు పక్కనే అరువాకోడ్ అని కుమ్మరుల పల్లె వుంది. తమ పెద్దలు తెలుగుదేశం నుంచి వలస వచ్చారని వాళ్ళు చెప్పుకుంటారు. అల్యూమినియం, స్టీలు గిన్నెలు వచ్చి మట్టికుండ అమ్ముడుపోక వాళ్ళు నానా అవస్థలూ పడ్డారు. 1990లలో ఒక డిజైనరు వాళ్ళ మధ్యకు వెళ్ళి, ఆ మట్టితోనే గోడల మీద బొమ్మలు, తోటలో కుండీలు చేయించాడు. ఆ పనిలో ఆడవాళ్ళే ముందు నిలబడ్డారు.

ఆయిషా అని ఒకావిడ. నిలంబూరు ఆయిషా అంటే కేరళలో తెలియనివారు లేరు. 1950లలో ముస్లిం కుటుంబం నుంచి వచ్చి నాటకం ఎక్కింది. రాళ్ళు విసిరారు, ఒకసారి తుపాకీ కూడా పేల్చారు. ఆమె వేషం మానలేదు. తరువాత కుటుంబ భారం మీద పడి సౌదీ అరేబియాలో ఇంటిపనికి వెళ్ళి, చాలా ఏళ్ళు చేసి వచ్చింది. ఆమె జీవితం ఆధారంగా 2023లో సినిమా కూడా వచ్చింది.

ఇంకొక ముచ్చట మన ఆడవాళ్ళందరూ వినవలసినది. ఊరంతటికీ గుమ్మాలు ఇచ్చే ఆ చోట, సొంత గుమ్మం లేని కుటుంబాలు ఎందుకున్నాయని పంచాయతీవారు ఆరా తీశారు. చాలామంది కూతుళ్ళ కట్నాల కోసం ఇల్లు అమ్ముకున్నారని తేలింది. 2009 ప్రాంతంలో పంచాయతీయే నడుం కట్టి, కట్నం లేని ఊరు కావాలని ప్రచారం మొదలుపెట్టింది. ఒక్క ప్రచారంతో కట్నం పోతుందా అంటారేమో. పోదు. కాని తలుపు మూసుకుని ఎవరికి వారు ఏడ్చే సంగతిని నలుగురిలోకి తెచ్చి మాట్లాడటం చిన్న విషయమా?

ఆ చాలియార్ ఏరు ఎప్పుడూ కలపనే తెస్తుందని అనుకోవద్దు. 2019 ఆగస్టు 8న నిలంబూరు దగ్గర కవలప్పారలో కొండ విరిగిపడి యాభై తొమ్మిది మంది పోయారు. 2024 జూలై 30 తెల్లవారకముందే వయనాడులో కొండచరియలు ఊళ్ళను తుడిచిపెట్టినప్పుడు, ఎక్కడో పైన పోయినవారి శవాలు ఏటివెంట నిలంబూరు దాకా కొట్టుకువచ్చాయి. ఒకనాడు దుంగల కోసం ఏటిలోకి దిగిన ఊరివాళ్ళు, ఆ రోజుల్లో ముక్కూమొహం తెలియని మనుషుల కోసం దిగారు. ఏ తల్లి బిడ్డో అని ఒడ్డుకు చేర్చి, గుడ్డ కప్పి, ఆస్పత్రికి మోశారు. కొండలకు ఏమైందో పెద్దలు చర్చించుకుంటున్నారు. అడవి పోయి తోటలు వచ్చాయని కొందరు, వానలే మారిపోయాయని కొందరు. ఒకటి మాత్రం మనకూ అర్థమవుతుంది. ఒకే రకం చెట్టు వరుసగా నాటితే తోట అవుతుంది గాని, అడవి కాదు.

అందుకని మీకు నాదొక విన్నపం. గుమ్మానికి టేకు కొనేటప్పుడు చేవ చూసి కొనండి, తెల్లకర్ర అంటగడితే ఒప్పుకోకండి. దొంగకలప చవకగా వస్తుందని ఆశపడకండి. పర్మిట్టు కాగితం అడగండి. పాత ఇల్లు విప్పితే ఆ గుమ్మం పారేయకుండా కొత్త ఇంటికి వాడుకోండి. అరవై ఏళ్ళు పెరిగిన మాను మరో వందేళ్ళయినా నిలబడుతుంది. ఇక పెరట్లో జాగా వుంటే, కాయో పండో నీడో ఏదో ఒక మొక్క నాటండి. దాని కింద కూర్చునేది మన మనవలే కానీండి, ఏం పోయింది?