మాచర్ల అడవి గవర్నమెంట్‌దే కదా, జింకల వేటకి మంచి స్పాట్ ఎక్కడ?

ఈరోజు ఒక తమ్ముడు పంపిన మెసేజ్‌తో మొదలుపెడదాం. ఏమన్నాడంటే, "అన్నా, అమెరికా వాళ్ళ వీడియోలు చూస్తున్నా. తెలియని రాష్ట్రానికి వెళ్తారు, ఫోన్‌లో మ్యాప్ చూసుకుంటారు, గవర్నమెంట్ అడవిలో దిగి జింకని కొడతారు. మన మాచర్ల అడవి కూడా గవర్నమెంట్‌దే కదా. మంచి స్పాట్ చెప్పన్నా."

తమ్ముడూ, నువ్వు అడిగింది తప్పు ప్రశ్నేం కాదు. అందులో రెండు విషయాలున్నాయి. జింక ఎక్కడుందో కనిపెట్టడం ఒకటి, దాన్ని చంపడం ఇంకొకటి. మొదటిది నేర్పిస్తాను. రెండోది ఎందుకు కుదరదో ముందు చెప్తాను.

అమెరికాలో గవర్నమెంట్ అడవి అంటే ఎవరైనా వెళ్ళి కాల్చుకోవచ్చని కాదు. లైసెన్స్ ఉండాలి. సీజన్ ఉంటుంది. ఎన్ని కొట్టాలో లెక్క ఉంటుంది. 1937లో వాళ్ళు ఒక చట్టం చేసుకున్నారు. పొడుగు తుపాకులు, తూటాల మీద వేసే 11 శాతం పన్ను వన్యప్రాణుల సంరక్షణకి వెళ్తుంది. అంటే ఆ వీడియోలో వేటాడేవాడు ముందు డబ్బు కట్టి, రూల్ చదువుకుని వచ్చాడు. వీడియోలో అదంతా చూపించరు, చివరి పది నిమిషాలే చూపిస్తారు.

మన దగ్గర కూడా ఒకప్పుడు లైసెన్సులు ఇచ్చేవాళ్ళు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1991లో దానికి చేసిన సవరణతో ఆ దారి మూసుకుపోయింది. ఇక్కడ చాలామందికి తెలియనిది ఒకటుంది. చట్టంలో వేట అంటే చంపడమే కాదు. ఉచ్చు పెట్టడం, వల వేయడం, విషం పెట్టడం, తరమడం, ఎర వేయడం, చివరికి ప్రయత్నించడం కూడా వేటే. "అన్నా, మాకేం దొరకలేదు, ఖాళీ చేతుల్తో వచ్చాం" అంటే కుదరదు.

అభయారణ్యంలో వేటాడితే కనీసం 3 ఏళ్ళు, గరిష్ఠంగా 7 ఏళ్ళు జైలు. 25 వేలకి తగ్గకుండా జరిమానా. నేరానికి వాడిన బండి కూడా పోతుంది. నాన్న ఈఎంఐ కడుతున్న బండి అది, గుర్తుపెట్టుకోండి.

ఇక నా సంగతి చెప్తాను. నాకు 19 ఏళ్ళప్పుడు నలుగురం రెండు బళ్ళ మీద, పెద్ద టార్చ్ ఒకటి పట్టుకుని రాత్రిపూట అడవి దారిలో దిగాం. మాలో ఒకడు బ్రేక్ వైర్‌తో ఉచ్చులు చేసుకొచ్చాడు. దుప్పి కూర తిందామని సరదా. కొంచెం దూరం వెళ్ళామో లేదో, చెట్ల మధ్య నుంచి ఒక పెద్దాయన వచ్చి బండి ముందు నిలబడ్డాడు. చెంచు ఆయన, అడవిలో వాచర్. కేకలేం వేయలేదు. ఉచ్చులు తీసుకున్నాడు. "అయ్యా, ఈ ఉచ్చులో దుప్పే పడుద్దని ఎవరు చెప్పారు మీకు? ఎలుగొడ్డు పడితే? పులి పడితే? పొద్దున చూసేది నేనే" అన్నాడు. మేం నోరెత్తలేదు. ఇంకో వందడుగులు వెళ్ళి ఆ ఉచ్చులు కట్టేసి ఉంటే, ఈరోజు నా పేరు మీద కేసు ఉండేది. పోలీస్ ఉద్యోగానికి పరీక్ష రాసేవాళ్ళకి, పాస్‌పోర్ట్ పెట్టేవాళ్ళకి ఆ మాట ఎంత బరువో తెలుసు.

ఇంకో సంగతి. ఆ పెద్దాయన వాళ్ళు తరతరాలుగా విల్లంబులతో బతికినవాళ్ళు. అడవి మీద వాళ్ళకి హక్కులిచ్చిన 2006 అటవీ హక్కుల చట్టం కూడా వేటాడే హక్కు మాత్రం ఇవ్వలేదు. అడవిలో పుట్టినవాళ్ళకే లేని హక్కు, నరసరావుపేట నుంచి బండేసుకెళ్ళిన మనకి ఎక్కడిది?

సరే, ఇప్పుడు అసలు విద్యలోకి వద్దాం. తెలియని అడవిలో జింకని వెతకడం ఎలా? వేటగాడు చేసేదే చేయండి, చేతిలో తుపాకీ బదులు కెమెరా పెట్టుకోండి.

ఒకటి, హద్దు. ఫోన్ మ్యాప్‌లో పచ్చగా కనపడిందల్లా ఒకటే రకం అడవి కాదు. పట్టా భూమి ఉంటుంది, రెవెన్యూ భూమి ఉంటుంది, రిజర్వ్ ఫారెస్ట్ ఉంటుంది, అభయారణ్యం ఉంటుంది. మన పల్నాడు అడవిలో కొంత భాగం నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వ్‌లోకి వస్తుంది. అభయారణ్యంలోకి పర్మిషన్ లేకుండా ఫోటోల కోసం కూడా దిగకూడదు. అందుకే మొదట వెళ్ళాల్సింది రేంజ్ ఆఫీసుకి. ఎక్కడిదాకా వెళ్ళొచ్చో అడగండి. అడిగితే పోయేదేం లేదు.

రెండు, నీళ్ళు. ఏప్రిల్, మే నెలల్లో వాగులు ఎండిపోతాయి. అప్పుడు నీళ్ళున్న చోటికే జంతువు వస్తుంది. అటవీ శాఖ వాళ్ళు సాసర్ పిట్లు కట్టి నీళ్ళు నింపుతారు. అక్కడికెళ్ళి కూర్చోవద్దు. మనం కూర్చుంటే అవి దాహంతోనే వెనక్కి పోతాయి. దూరం నుంచి చూడండి.

మూడు, టైము. చుక్కల దుప్పి పొద్దున్నే, సాయంత్రం గడ్డి ఉన్న ఖాళీ జాగాలోకి, అడవి అంచుకి మందగా వస్తుంది. కణితి అలా కాదు, ఎక్కువగా రాత్రిపూట తిరుగుతుంది, కొండ లోయల్లో ఉంటుంది. మిట్టమధ్యాహ్నం వెళ్ళి "ఏం లేవు బ్రో" అంటే తప్పు జింకది కాదు.

నాలుగు, గాలి. గాలి మీ మొహానికి కొట్టాలి. వీపుకి కొడుతుంటే మీ వాసన మీకంటే ముందే వెళ్ళిపోతుంది. సెంటు కొట్టుకుని వెళ్ళకండి.

ఐదు, కొండముచ్చులు. చెట్టు మీద అవి తింటూ ఆకులు, కాయలు కింద పడేస్తాయి. దుప్పులు కింద చేరి ఏరుకుంటాయి. కొండముచ్చు పైనుంచి కాపలా, దుప్పి కింద నుంచి వాసన. ఏది ముందు పసిగట్టినా అరుస్తుంది. ఆ అరుపు వింటే మీరు కదలొద్దు, దగ్గర్లో చిరుతో పులో ఉండొచ్చు.

ఆరు, గుర్తులు. మట్టిలో రెండు చీలికల గిట్ట ముద్ర, గోళీల్లాంటి పెంటికలు, కొమ్ములు రాసుకున్న చెట్టు బెరడు. రాలిన కొమ్ము కనపడితే ఫోటో తీసుకుని వదిలేయండి. ఇంటికి తెచ్చి గోడకి తగిలిస్తే అదీ కేసే.

మరీ కొత్తవాళ్ళయితే సఫారీతో మొదలుపెట్టండి. మాచర్ల నుంచి ఎర్రగొండపాలెం, దోర్నాల మీదుగా శ్రీశైలం దారి పట్టుకుంటే తుమ్మలబైలు వస్తుంది. అక్కడ అటవీ శాఖ జీపు సఫారీ ఉంది. ఆ ఘాట్ రోడ్డులో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బళ్ళు వదలరు, దానికి తగ్గట్టు బయల్దేరండి.

ఆఖరుగా ఒక్క మాట. ఒక పులి బతకాలంటే ఏడాదికి సుమారు 50 జింకలంత ఆహారం కావాలి. అడవిలో మనం జింకల్ని ఖాళీ చేస్తే అది ఆకలితో ఊళ్ళోకి వస్తుంది, మన గొడ్డు మీద పడుతుంది. పొలంలో అడవి పందుల కోసం కరెంటు తీగ పెట్టే అన్నలకి కూడా చెప్తున్నా, ఆ తీగకి పంది ఎవరో, దుప్పి ఎవరో, రాత్రి మోటారు వేయడానికి వెళ్ళిన మనిషి ఎవరో తెలియదు. పంట పోతే ఫోటోలు తీసి అటవీ శాఖకి అర్జీ పెట్టండి. తీగ మాత్రం వద్దు.

ఆ తమ్ముడికి నా జవాబు ఇదే. స్పాట్ చెప్పాను, ఎలా వెతకాలో చెప్పాను. వెళ్ళి చూసి రా. ఫోటో పెట్టేటప్పుడు లొకేషన్ ఆఫ్ చెయ్, ఉచ్చులు కట్టేవాడు కూడా మన ఫోన్లే చూస్తాడు. ఉచ్చు కనపడితే నువ్వు ముట్టుకోకుండా రేంజ్ ఆఫీసుకి ఫోన్ చెయ్. ఆ నంబర్ ఈరోజే సేవ్ చేసుకో.

వచ్చే ఎపిసోడ్‌లో ఎత్తిపోతల దగ్గర మొసళ్ళ గురించి మాట్లాడుకుందాం. ఉంటాను ఫ్రెండ్స్, జాగ్రత్త.