ఇది అవసరమా, ఆశా?

(వెంకటగిరికోటలో రోగుల కుటుంబ సభ్యులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)



ఇంట్లో ఒకరు మంచాన పడితే మిగతావారికి కంటి మీద కునుకు ఉండదు. ఎవరు ఏది మంచిదంటే అది కొని తెస్తాము. ఆ ప్రేమను దేవుడు ఎరుగును. అయితే అవసరమేదో, ఆశ ఏదో తెలియక నేను చేసిన పొరపాటు ఒకటి ఈ రోజు మీతో చెప్తాను.

కొన్నేళ్ల క్రితం మా అమ్మకు క్షయ వచ్చింది. మాత్రలు ఉచితంగా ఇచ్చారు. ఊరికే వచ్చిన మందు కదా అని నాకు చిన్నచూపు. టానిక్ సీసాలు, డబ్బా పొడులు, ఆపిల్ పండ్లు కొన్నాను. నీరసం అన్నప్పుడల్లా సెలైన్ పెట్టమని పట్టుబట్టాను. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు చేశాను. రెండు నెలలకు దగ్గు తగ్గింది. అప్పుడే టమాటా కోతలు వచ్చాయి. మాత్రలు తెచ్చే పని వాయిదా వేశాను. టానిక్ మాత్రం ఆపలేదు. కొన్ని నెలలకే జబ్బు తిరగబెట్టింది. అమ్మ బ్రతికింది, దేవునికి స్తోత్రం. కానీ రెండోసారి ఆమె పడిన బాధకు కారణం నేనే.

మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో మిషన్ వారు క్షయ ఆసుపత్రి తెరిచారు. అప్పటికి ఈ జబ్బుకు మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, బలమైన ఆహారం, ఇవే చికిత్స. మందులు వచ్చాక, 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలైంది. కొందరికి శానిటోరియంలో, కొందరికి వారి ఇళ్లలోనే ఒకే మందులు ఇచ్చారు. ఇళ్లలో ఉన్నవారికి తిండీ విశ్రాంతీ తక్కువే. అయినా వారు కూడా దాదాపు అంత బాగానే కోలుకున్నారని 1959లో తేలింది. అంటే తప్పనిసరి అవసరం, మందు తప్పకుండా వేసుకోవడమే. సాధారణ క్షయకు నేడు ఆరు నెలల చికిత్స. దగ్గు తగ్గినా మధ్యలో ఆపకూడదు.

తిండి అక్కరలేదని కాదు. రాగి సంగటి, పప్పు, గుడ్డు, వేరుశనగలు చాలు. చికిత్స జరిగినన్నాళ్లూ పోషణకు ప్రభుత్వం ఇచ్చే సాయం 2024 నవంబరు నుండి నెలకు 1000 రూపాయలైంది. ఇక అర లీటరు గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర మాత్రమే. నోటితో త్రాగలేనివారికి, డాక్టరు వ్రాసినవారికి అది ప్రాణాధారం. త్రాగగలిగినవారికి ఇంటి గంజి మేలు.

అరణ్యంలో ఇశ్రాయేలీయులు ఏ రోజు మన్నా ఆ రోజే కూర్చుకున్నారు. మరునాటికి దాచినది పురుగు పట్టింది (నిర్గమకాండము 16). ఆగూరు దరిద్రమూ వద్దు, ఐశ్వర్యమూ వద్దు, తగినంత ఆహారం చాలునని ప్రార్థించాడు (సామెతలు 30). దేవుడు మన అవసరం తీర్చుతానన్నాడు గాని, ప్రతి ఆశా తీర్చుతానని అనలేదు.

కాబట్టి ఏదైనా కొనేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది లేకపోతే రోగికి హాని కలుగుతుందా? ఇది డాక్టరు చెప్పినదా, పక్కింటివారు చెప్పినదా? ఇది కొన్నాక వచ్చే నెల మందులకు, రాకపోకల ఖర్చుకు డబ్బు మిగులుతుందా? సందేహముంటే నర్సమ్మను అడగండి. అడగడం సిగ్గు కాదు.

చివరిగా ఒక మాట. అమ్మ నన్ను టానిక్ ఎప్పుడూ అడగలేదు. "కాసేపు నా దగ్గర కూర్చో నాయనా" అని మాత్రం అడిగేది. అది ఆశేలే, పనులున్నాయి అనుకున్నాను. గెత్సేమనేలో మన ప్రభువే తన శిష్యులను తనతో మెలకువగా ఉండమని అడిగాడు. ప్రియులారా, అది కూడా అవసరమే. దానికి రూపాయి ఖర్చు లేదు. ఈ సాయంత్రం మీవారి మంచం ప్రక్కన కాసేపు కూర్చోండి.

దేవుడు మీ రోగులను స్వస్థపరచి, మీకు వివేకం దయచేయును గాక. ఆమేన్.