దబీర్‌పురా దర్వాజాలో సైకిలుకు చోటు



ఈ గ్రామమునుండి హైదరాబాదుకు పనికి పోవువారును, చదువుకు పోవువారును ఉందురు. అచట పాతబస్తీలో దబీర్‌పురా దర్వాజా కలదు. పూర్వము నగర ప్రాకారమునకు 13 దర్వాజాలుండెడివి. నేటికి నిలిచినవి ఇదియు, పురానాపూల్ దర్వాజాయు మాత్రమే. గుర్రములకును, పల్లకీలకును కట్టిన ఆ కమాను క్రిందనే నేడు ఆటోలు, మోటారు సైకిళ్ళు, తోపుడు బండ్లు ఒకదానినొకటి ఒరసికొని పోవుచుండును.

ఆ ఇరుకులో అందరికంటె నలిగెడివాడు సైకిలువాడు. వెనుకనుండి హారను మ్రోగును. ప్రక్కకు తొలగుమని కేక వినబడును. ఏ ప్రక్కకు తొలగవలెను? ఉన్న కొద్ది అంచును నిలిపిన బండ్లును, మురుగుకాలువ మూతలును ఆక్రమించును. అంచు లేనిచోట దారియే సైకిలువాని చోటు. ఇది దయతో ఇచ్చెడిది కాదు, అతని హక్కు.

1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము కాలితో త్రొక్కెడి సైకిలు మోటారు వాహనము కాదు. కావుననే దానికి డ్రైవింగు లైసెన్సు అక్కరలేదు. లైసెన్సు లేనివానికి రోడ్డుపై హక్కు లేదనుట అవివేకము. సైకిళ్ళకు ప్రత్యేకించిన బాటపై పోలీసు అనుమతి లేక మోటారు బండి నడుపరాదని 1989 లోనే నియమము ఏర్పడినది. కాలినడకవారిని, సైకిళ్ళవంటి వాహనములను గూర్చి నియమములు చేయు అధికారమును 2019 నాటి సవరణ రాష్ట్రములకు ఇచ్చినది.

2023 లో హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు వెంట సౌర ఫలకముల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట వెలసినది. మెచ్చదగిన పనియే. కాని దబీర్‌పురాలో పాలక్యానులు మోసెడివానికి ఆ బాట అందదు. అతనికి కావలసినది తన వీధిలోనే క్షేమము. 2022 లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో సైకిలువారును ఉన్నారు.

కావున సైకిలువాడు ఎడమవైపుననే, వంకరలు పోక తిన్నగా సాగవలెను. నిలిపిన కార్ల తలుపులు తటాలున తెరచుకొనవచ్చును గనుక వానికి బారెడు దూరమున ఉండవలెను. రాత్రివేళ ముందు దీపము, వెనుక ఎఱ్ఱని మెఱుపు బిళ్ళ తప్పనిసరి. గ్రామము దాపుననున్న పెద్దరోడ్డుపై తారు అంచు దిగువకు జారియున్నచోట ఎక్కుచు దిగుచు పోరాదు. చక్రము అంచున తట్టుకొన్న మనిషి లారీ క్రిందనే పడును. మోటారు నడుపువాడు దాటుటకు చోటు చాలనిచో ఓపికతో వెనుకనే రావలెను. పురపాలకులు కాలువ మూతలను రోడ్డుతో సమము చేయవలెను. నిలిపిన బండ్లను తొలగింపవలెను.

ఈ నియమములను తెలుగున వ్రాయించి గ్రంథాలయపు గోడపై అంటించినచో, చదువరాని వారికి చదివి వినిపించినచో, ఈ రజతోత్సవము వలన ఒక ప్రాణమైనను దక్కవచ్చును. పుస్తకము బోధించెడి సంస్కారము వీధిలోనే పరీక్షకు నిలుచును. బలము గలవాడు బలము లేనివానికి దారి విడుచుటయే ఆ సంస్కారము.