దగ్గు రాకముందే అడుగుదాం



ఈ రోజు ఊపిరితిత్తుల క్యాన్సర్ గురించి మాట్లాడుకుందాం. పేరు వింటేనే భయం వేస్తది. మనం భయపడి ఊరుకుంటే రోగం ఊరుకోదు.

మన బీర్కూర్ ఉన్న కామారెడ్డి జిల్లాలో, పక్కన నిజామాబాద్ జిల్లాలో ఎంతోమంది ఆడవాళ్ళు బీడీలు చేస్తారు. చాట ఒళ్ళో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి చుడతారు. ఆ బీడీ తాగేది ఎక్కువగా మగవాళ్ళు. పొగ మాత్రం ఇంటిల్లిపాదికీ పోతది. బీడీ చిన్నది, సిగరెట్టంత చెడ్డది కాదు అనుకుంటారు. అది నిజం కాదు. బీడీ పొగలోనూ క్యాన్సర్ తెచ్చే విషాలు ఉన్నాయి. పక్కవాళ్ళ పొగ పీల్చినా ఈ రోగం రావచ్చు.

"బీడీయే మాకు అన్నం పెడుతున్నది, ఏం చేయాలి?" అంటారు. పని మానమని నేను అనను. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. తంబాకు దగ్గరికి పిల్లలను రానీయకండి. తాగేవాళ్ళను మాన్పించండి. ఏ వయసులో మానినా లాభమే.

ఈ క్యాన్సర్ మొదట్లో నొప్పి పెట్టదు. దగ్గు, ఆయాసం కనబడేసరికి చాలామందికి ముదిరిపోతది. అందుకే బాగున్నప్పుడే చూడాలి. తక్కువ కిరణాలతో తీసే సి.టి. స్కాన్ ఉంది. కోత ఉండదు. కొన్ని నిమిషాల పని. అమెరికాలో బాగా పొగ తాగిన 53 వేల మందిని పరీక్షించి 2011లో ఫలితం చెప్పారు. ఎక్స్‌రే తీసినవాళ్ళలో ఈ క్యాన్సర్‌తో 100 మంది చనిపోతే, స్కాన్ తీసినవాళ్ళలో 80 మందే చనిపోయారు.

అయినా అక్కడ కూడా చాలామంది పరీక్షకు పోవడం లేదు. "నాకేం రోగం?" అంటారు. ఏం చెబుతారో అని భయపడతారు. మనమైతే కూలి పోతదని కూడా ఆగుతాం.

ఈ స్కాన్ అందరికీ కాదు. 50 ఏళ్ళు దాటి, ఏళ్ళ తరబడి బాగా తాగినవాళ్ళకు. మచ్చ కనబడితే క్యాన్సరే అని కాదు. మన దేశంలో ఇది ఇంటింటి పథకంగా లేదు. కాబట్టి మనమే డాక్టరును అడగాలి.

ఆశా కార్యకర్త 30 ఏళ్ళు దాటినవాళ్ళ దగ్గరికి ఒక కాగితం తెస్తది. పొగ తాగుతారా? దేని మీద వండుతారు? రెండు వారాలు మించి దగ్గు ఉందా? తెమడలో నెత్తురు పడుతున్నదా? అని అడుగుతది. సిగ్గుపడి "లేదు" అనకండి. కాగితం మీరే చదివి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

నెత్తురు పడితే ఆ రోజే దవాఖానకు పోండి. రెండు వారాలు దగ్గు తగ్గకపోతే తెమడ పరీక్ష చేయించండి. సర్కారు దవాఖానలో టి.బి. పరీక్ష, మందులు ఉచితం. టి.బి. మందులు వాడినా దగ్గు తగ్గకపోతే, "క్యాన్సర్ ఉందేమో చూడండి సార్" అని అడగండి. రెండు రోగాలూ ఒకే తీరుగా కనబడతాయి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ దవాఖాన ఉంది. ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ వైద్యం ఉంది.

ఇక ఈ వారం రాత పని. మీ ఇంట్లో పొగ తాగేవాళ్ళ పేరు, వయసు రాయండి. రోజుకు ఎన్ని బీడీలు, ఎన్నేళ్ళ నుంచి అని రాయండి. ఆ కాగితం దవాఖానలో చూపండి. డాక్టరుకు ముందుగా కావలసిన లెక్క అదే.