పశువుల దవాఖానలో పొరపొచ్చెములు: పంచాయతీల బాధ్యత

(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



పశువునకు నోరు లేదు. దానికి జబ్బు చేసినపుడు రైతు చెప్పవలెను, సహాయకుడు పట్టవలెను, వైద్యుడు చూడవలెను. వీరిలో ఏ ఇద్దరికి పొసగకపోయినను ఆ ఫలము పశువు అనుభవించును. నష్టము రైతు ఇంటికి చేరును. పశువైద్య సిబ్బంది నడుమ పొరపొచ్చెములు ఎట్లు పుట్టుచున్నవి, వానిని చల్లార్చుటకు పంచాయతీ ఏమి చేయగలదు అను విషయమును నేడు మీ ముందుంచుచున్నాను.

ఇది ఉద్యోగుల సంగతి, మనకేల అని కొందరు తలపవచ్చును. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పేర్కొన్నది. అందులో పశుపోషణ, పాడి, కోళ్ల పెంపకము నాల్గవది. కోరుట్లలో పశువైద్య కళాశాలయే ఉన్నది. విద్యకు మన ప్రాంతమున కొరత లేదు. ఆ విద్య పశువుల కొట్టము వరకు చేరవలెనన్నచో పనిచేయువారి నడుమ పొత్తు ఉండవలెను.

దవాఖానలో వైద్యుడు, సహాయకులు, అటెండరు ఉందురు. ఊళ్లలో కృత్రిమ గర్భధారణ చేయు గోపాలమిత్రలు ఉందురు. తెలంగాణములో 2017లో ఆరంభమైన 1962 సంచార వాహనములో వైద్యుడు, సహాయకుడు, వాహన చోదకుడు కలసి తిరుగుదురు. వీరిలో ఒకరికి నెల జీతము, మరొకరికి గౌరవ వేతనము. ఒకరిది పట్టభద్రుని చదువు, మరొకరిది ఇరువది ఏండ్ల అనుభవము. నిన్న చదువు ముగించి వచ్చిన యువ వైద్యుడు ఆజ్ఞ ఇచ్చును. ఊరి పశువులన్నిటిని ఎరిగిన సహాయకుడు దానిని పాటింపవలెను. ఇరువురును మంచివారే అయినను, ఇచ్చట మాట పట్టింపు కలుగుట సహజము.

పని హద్దులను చట్టము కొంతవరకు గీచియున్నది. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టము, 30వ విభాగము ప్రకారము, పశువైద్యము చేయు అధికారము రిజిస్టరు అయిన వైద్యునిది. రాష్ట్ర ప్రభుత్వ అనుమతితో, అర్హత పత్రము గల సహాయకులు టీకాలు వేయుట, విత్తులు కొట్టుట, గాయములకు కట్టు కట్టుట వంటి చిన్న సేవలను వైద్యుని పర్యవేక్షణలో చేయవచ్చును. కాని మనము చేయుచున్నదేమి? అర్ధరాత్రి బర్రె ఈనలేక బాధపడుచుండగా, "డాక్టరు ఎందుకు, నీకు చేతనగును గదా" అని సహాయకునిపై ఒత్తిడి తెత్తుము. చేసినచో వైద్యునకు కోపము, చేయనిచో రైతునకు కోపము. ఆ చిక్కు మనము కల్పించినదే. అట్టి వేళ వైద్యునకు కబురు చేయుటకు తోడ్పడుట మన పని.

రెండవ తగవు చూలు నిలువకపోవుటను గూర్చి. వైద్యుడు గోపాలమిత్రను తప్పుపట్టును. గోపాలమిత్ర, రైతు ఆలస్యముగా పిలిచెననును. రైతు, వీర్యము మంచిది కాదనును. ముగ్గురి మాటలోను నిజము ఉండవచ్చును. ఉదయము ఎదకు వచ్చిన ఆవునకు ఆ సాయంత్రము, సాయంత్రము వచ్చినదానికి మరునాటి ఉదయము సూది వేయించుట వాడుకలో నున్న నియమము. వీర్యమును మైనస్ 196 డిగ్రీల చల్లదనము గల ద్రవ నత్రజనిలో నిలువ చేయుదురు. ఆ ద్రవము తరిగినచో వీర్యము చెడును. కావున ఎద కనబడిన వేళ, సూది వేసిన వేళ, స్ట్రా సంఖ్య ఒక పుస్తకములో వ్రాయించుడు. రెండు మూడు నెలల పిమ్మట చూలు పరీక్ష ఫలితమును దాని ప్రక్కనే చేర్చుడు. పుస్తకము ముందుండగా తప్పు ఎచ్చట జరిగెనో వెదకవచ్చును. నిందకు చోటు తగ్గును.

మూడవది టీకాల దినము. 2019లో ఆరంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమము క్రింద గాలికుంటు టీకాలు ఆరు నెలల కొకసారి వేయుటకు, 4 నుండి 8 నెలల పెయ్యలకు ఈసుడు వ్యాధి టీకా వేయుటకు ఏర్పాటైనది. గాలికుంటు మందు 2 నుండి 8 డిగ్రీల చల్లదనములోనే ఉండవలెను. ఈసుడు టీకా సజీవ టీకా. సూది పొరపాటున మనిషికి గుచ్చుకొన్నచో ఆ జబ్బు మనిషికే సోకవచ్చును. పట్టువాడును పొడుచువాడును మాట మాట అనుకొనుచు ఇట్టి పని చేయుట ఎంత ప్రమాదమో యోచింపుడు. ముందు దినమే డప్పు చాటింపు వేయించుడు. నీడ, నీరు, మంచుగడ్డ, పలుపులు సిద్ధపరచుడు. మందు పెట్టె ఎవరిది, సూది ఎవరిది, 12 అంకెల చెవిపోగు ఎవరు వేయుదురు, లెక్క ఎవరు వ్రాయుదురు అనునది వైద్యునిచే ఒక కాగితముపై వ్రాయించి అందరికి చదివి వినిపింపుడు.

సిరిసిల్ల సాంచాలను మీరెరుగుదురు. పోగు తెగినచో మొదట అతుకుదురు. ఎందుకు తెగెనో పిమ్మట విచారింతురు. తగవులాడుచు నిలుచున్నంతసేపు బట్ట పెరుగదు. దవాఖానలోను అంతియే. ముందు పశువునకు చికిత్స జరుగవలెను, విచారణ పిమ్మట. ఆ విచారణలో పంచాయతీ ఒకరి పక్షము వహింపరాదు. సహాయకుని ఎదుట వైద్యుని, రైతుల ఎదుట సహాయకుని మందలింపరాదు. ఇరువురి మాటలు వేర్వేరుగ విని, తేదీ, జరిగిన పని మాత్రమే వ్రాసికొని, తీరనిచో జిల్లా పశుసంవర్ధక అధికారికి తెలుపుడు.

ఒక హెచ్చరిక. ప్రతి తగవును రాజీతో కప్పిపుచ్చరాదు. లంచము అడుగుట, త్రాగి పనికి వచ్చుట, కులము పేరు పెట్టి దూషించుట, స్త్రీ ఉద్యోగిని వేధించుట పొరపొచ్చెములు కావు, నేరములు. కుల దూషణకు 1989 నాటి చట్టము, పనిచోట స్త్రీలపై లైంగిక వేధింపులకు 2013 నాటి చట్టము ఉన్నవి. అట్టి బాధితులకు "సర్దుకొనుము" అని చెప్పు పంచాయతీ న్యాయమునకు అడ్డుపడినదగును.

పశువుల ముసర వ్యాధి ప్రపంచమునుండి తొలగినదని 2011లో ప్రకటించిరి. ఏ ఒక్క వైద్యుడును ఒంటరిగా దానిని తొలగింపలేదు. మందు మోసినవారు, పశువును పట్టినవారు, లెక్క వ్రాసినవారు కలసి తొలగించిరి. రాబోవు టీకాల దినమున పని ముగిసిన పిమ్మట సిబ్బందినందరిని ఒకే చాపపై కూర్చుండబెట్టి, అరగంటసేపు, ఏ పని ఎచ్చట ఆగినది అని అడుగుడు. గోపాలమిత్ర, అటెండరు ముందు మాటలాడునట్లు, వైద్యుడు చివర మాటలాడునట్లు చూడుడు. వినినదానిని వ్రాసి తరువాతి సమావేశములో చదువుడు. ఇందుకు పంచాయతీ నిధులు అక్కరలేదు. ఓపిక ఉన్న చాలును.