పేరు లేనిదే సాయం లేదు
(కౌలు రైతుల సభలో చేసిన ప్రసంగం)



సర్కారు సాయం అనగానే మనం ఎంత ఇస్తారని అడుగుతాం. ముందు అడగాల్సింది ఎవరికి ఇస్తారని. పీఎం కిసాన్ చూడండి. ఏడాదికి 6,000 రూపాయలు, మూడు విడతల్లో. అది భూమి ఎవరి పేరున ఉంటే వాళ్లకే. దున్నేదీ అప్పు చేసేదీ మనం, డబ్బు పడేది ఆసామి ఖాతాలో.

నేను రెండెకరాలు కౌలుకు తీసుకుని వరి వేసిన ఏడాది, తుపానుకు పనలన్నీ నీళ్లలో తేలాయి. పరిహారం వచ్చింది, నాకు కాదు. పంట నమోదులో నా పేరు లేదు. ముందుగా చూసుకోకపోవడం నా తప్పు.

మన ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతుకు ఆధారం సాగుదారు హక్కు పత్రం, అదే సీసీఆర్‌సీ కార్డు. 2019 చట్టం ప్రకారం 11 నెలలకే చెల్లుతుంది. ఏటా తీసుకోవాలి. అది ఉంటే పంట రుణం, బీమా, నష్టపరిహారం అడగొచ్చు. దానివల్ల భూమి హక్కు మారదని ఆసామికి నచ్చజెప్పండి. పంట వేయగానే ఈ-పంటలో మీ పేరు ఎక్కిందో లేదో చూసుకోండి.

చిక్కంతా ఆసామి సంతకం దగ్గరే. 2011 చట్టంలో ఆ సంతకం అక్కర్లేదు, 2019లో పెట్టారు. గ్రామసభలో విచారించి, సంతకంతో పనిలేకుండా కార్డు ఇవ్వాలన్నదే మన డిమాండ్. ఒక్కరు వెళితే రేపు రమ్మంటారు. పదిమందిమి కలిసి వెళ్దాం.